జానెడు తెర.. ముప్పై వేల వరసలు

ఈ పేజీకి వచ్చేలోపు మీ బొటనవేలు ఎంత దూరం తిరిగిందో ఎప్పుడైనా ఆలోచించారా? రీల్స్, కామెంట్లు, షాపింగ్ యాప్‌లో చెప్పులు, మళ్లీ రీల్స్. పైకి తోస్తూ ఉంటాం, కింద నుంచి కొత్తవి ఊరుతూనే ఉంటాయి. చేతిలో ఉన్నదేమో జానెడు అద్దం. మరి మనం పైకి తోసేసినవన్నీ ఎక్కడికి పోతాయి?

చాలా వెబ్‌పేజీల్లో అవి ఎక్కడికీ పోవు. కంటికి కనబడకపోయినా ఫోన్ మెమరీలో అట్లాగే కూర్చుని ఉంటాయి. మీరు తోసేకొద్దీ ఆ కుప్ప పెరుగుతూ ఉంటుంది. కాసేపటికి ఫోన్ వేడెక్కుతుంది, వేలు కదిలిన అరసెకనుకి తెర కదులుతుంది, ఆ తర్వాత పేజీ తెల్లబోయి మళ్లీ మొదటికొస్తుంది. మనమేమో "ఛ, ఈ ఫోన్ పని అయిపోయింది" అనుకుంటాం.

నేను చెన్నైలో ఫ్రంటెండ్ డెవలపర్‌ని. వెబ్‌సైట్‌లో మీ కంటికి కనిపించే, మీ వేలికి తగిలే భాగం రాసే పని. సొంతూరు నగరి. బస్సెక్కితే మూడు గంటల్లోపు ఇంట్లో ఉంటా. నా ఉద్యోగంలో సగం కాలం లిస్టులతోనే గడిచిపోతుంది. ఆర్డర్ల లిస్టు, మెసేజ్‌ల లిస్టు, పేమెంట్ల లిస్టు. మీరు యాప్ అనుకుంటున్నవాటిలో చాలావాటిని విప్పి చూస్తే, ఒక లిస్టూ దాని చుట్టూ కాస్త రంగూ ఉంటాయి, అంతే.

అడుగు లేని ఈ స్క్రోలింగ్‌ని 2006లో అజా రాస్కిన్ అనే అమెరికన్ డిజైనర్ తయారుచేశాడు. "నెక్స్ట్ పేజ్" నొక్కే శ్రమ తప్పిద్దామనుకున్నాడు పాపం. జనం టైమంతా అది మింగేస్తోందని తర్వాత ఆయనే బాధపడ్డాడు. ఆ సంగతి మీద చాలామంది రాశారు, రాస్తున్నారు. అది మన టైమ్‌ని మింగడం గురించి. ఫోన్‌ని మింగడం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎందుకంటే ఆ దెబ్బ ఖరీదైన ఫోన్ ఉన్నవాళ్లకి తగలదు.

మా చిన్నాయనకి తగిలింది.

నగరి గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దు మీదుండే ఊరు. మాటల్లో సగం అరవం కలుస్తుంది. ఇంకో గుర్తు పవర్‌లూమ్‌ల చప్పుడు. మా వీధుల్లో పుట్టినవాళ్లకి ఆ టకటకలు ఆగిపోతేనే నిద్ర మెలకువొస్తుంది. కరెంటు పోయిందని అర్థం. చిన్నాయనకి ఏకాంబరకుప్పంలో ఎనిమిది మగ్గాల షెడ్డుంది. నేసేది లుంగీలు. ఎవరికి ఎన్ని కట్టలు పోయాయి, ఎంత వచ్చింది, ఎంత బాకీ అన్నదంతా ఒకప్పుడు ఎర్ర అట్టల పుస్తకాల్లో ఉండేది. మూడేళ్ల కిందట ఒక చిన్న కంపెనీవాళ్లు వచ్చి, అంతా ఫోన్‌లో చూసుకోవచ్చని చెప్పి, ఒక వెబ్‌ యాప్ చేసిచ్చారు. 2016 నుంచి ఉన్న ఎంట్రీలన్నీ మా తమ్ముడు కూర్చుని ఎక్కించాడు. మొత్తం ముప్పై ఒక్క వేల పైచిలుకు.

యాప్ తెరవగానే తాజా యాభై ఎంట్రీలు వచ్చేవి. కిందికి జరిగితే ఇంకో యాభై, ఇంకా జరిగితే ఇంకో యాభై. చూడ్డానికి బాగానే ఉండేది. పోయిన సంక్రాంతికి నేను ఇంట్లో ఉన్నప్పుడు ఒక వ్యాపారి వచ్చాడు. ఏడాదిన్నర కిందటి లోడు తాలూకు బాకీ మీద మాట. చిన్నాయన ఫోన్ తీసి తోయడం మొదలుపెట్టాడు. తోస్తున్నాడు, తోస్తున్నాడు. ముందు బాగానే పోయింది. తర్వాత అది మొరాయించింది. వేలు పెడితే ఉలుకూ పలుకూ లేదు.

"ఏమప్పా, లెక్క ఉండాదా లేదా?" అన్నాడాయన నవ్వుతూనే.

"ఎందుకు లేదు, ఫోన్లో ఉండాది. ఇదే కదలడం లేదు."

పేజీ ఒక్కసారి తెల్లగా అయిపోయి, మళ్లీ పైనుంచి, ఆ రోజు తేదీ నుంచి మొదలైంది. ఆయన టీ తాగేసి, "సరేలే అన్నా, వచ్చే లోడుకి చూసుకుందాం" అని బండి స్టార్ట్ చేశాడు. ఆ "చూసుకుందాం" అన్న మాటకి వ్యాపారంలో అర్థమేంటో మీకు తెలిసే ఉంటుంది. చిన్నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాతో, "పాపా, కొత్త ఫోన్ తీసుకోవాలేమో. ఇది ముసిల్దైపోయినట్టుండాది" అన్నాడు.

నాకు నిజంగా కోపమొచ్చింది, ఫోన్ మీద కాదు. నాలుగేళ్ల నాటి రెండు జీబీ ఫోన్ అది. కాల్స్ వస్తున్నాయి, యూపీఐ పనిచేస్తోంది, యూట్యూబ్‌లో పాత సినిమాలు ఆడుతున్నాయి. ఒక సినిమా ఆడించగలిగిన ఫోన్, నాలుగు అంకెలున్న లిస్టుని ఆడించలేదా? పేజీ రాసినవాళ్ల బరువుని, ఫోన్ కొన్నవాళ్లు తమ తప్పుగా మోస్తున్నారు. నేను చూసినంతలో ఇది ప్రతి ఊళ్లో జరుగుతున్నదే. రిజల్ట్స్ పేజీ కదలకపోయినా, రేషన్ లిస్టు ఇరుక్కుపోయినా జనం ముందు తిట్టేది తమ ఫోన్‌నే.

"ఫోన్ బాగానే ఉండాది చిన్నాయనా, కొనొద్దు" అని చెప్పి, ఆ రాత్రి దాన్ని కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించా. ఫోన్‌లోని క్రోమ్‌లో ఏం జరుగుతోందో ల్యాప్‌టాప్‌లో చూసే వీలుంటుంది.

అక్కడ కనిపించింది ఇది. పేజీలో కనిపించే ప్రతి ముక్కనీ, అంటే ఒక పేరు, ఒక అంకె, ఒక గీత, ఒక చిన్న బొమ్మ, బ్రౌజర్ ఒక్కో వస్తువుగా లెక్కలో పెట్టుకుంటుంది. ఈ మొత్తం చెట్టుని డామ్ అంటాం. చిన్నాయన లిస్టులో ఒక్కో వరసకి తొమ్మిది వస్తువులు. నలభై సార్లు యాభై చొప్పున తెచ్చేసరికి రెండు వేల వరసలు, పద్దెనిమిది వేల వస్తువులు. గూగుల్‌వాళ్ల లైట్‌హౌస్ అనే పరీక్ష టూల్ ఒక పేజీలో ఎనిమిది వందలు దాటితేనే గుర్రుమంటుంది, పద్నాలుగు వందలు దాటితే తప్పు కిందే లెక్కేస్తుంది. ఏడాదిన్నర వెనక్కి పోవాలంటే చిన్నాయన దాటాల్సిన వరసలు ఐదు వేలకి పైనే. అంతదాకా ఆ ఫోన్ బతకదు.

ఎందుకు బతకదంటే, తెర నిమిషానికో సారి కాదు, సెకనుకి అరవై సార్లు కొత్తగా గీయబడుతూ ఉంటుంది. ఒక్కో బొమ్మకి దొరికే సమయం పదహారున్నర మిల్లీసెకన్లకి కాస్త ఎక్కువ. ఇప్పటి 120 హెర్ట్జ్ ఫోన్లలో అయితే అందులో సగమే. కొత్త యాభై వరసలు వచ్చి చేరినప్పుడు ఏది ఎక్కడ కూర్చోవాలి, ఏది ఎంత ఎత్తు అని బ్రౌజర్ లెక్క వేసుకోవాలి. వస్తువులు పెరిగేకొద్దీ ఆ లెక్క సాగుతుంది. ఇచ్చిన సమయం దాటిందంటే ఒక బొమ్మ ఎగిరిపోతుంది. మీకు అది "జర్క్" లాగా తగులుతుంది. మెమరీ మరీ నిండిపోతే ఆండ్రాయిడే ఆ పేజీని మూసిపారేస్తుంది. చిన్నాయనకి కనబడిన ఆ తెల్ల తెర అదే.

ఆ యాప్ చేసిన కుర్రాళ్లు కొంచెం కొంచెంగా తెచ్చారు కదా, మరి తప్పెక్కడ? ఇక్కడే చాలామంది పొరపడతారు. లిస్టు విషయంలో సమస్యలు రెండు. తెచ్చుకోవడం ఒకటి, మోయడం ఇంకొకటి. యాభై చొప్పున తేవడం మొదటిదానికే మందు. తెచ్చినదాన్ని ఎప్పుడు దించాలన్నది వాళ్లు ఆలోచించలేదు. బహుశా వాళ్లు టెస్ట్ చేసినప్పుడు లిస్టులో రెండు వందల ఎంట్రీలే ఉండి ఉంటాయి, చేతిలో మంచి ఫోన్ ఉండి ఉంటుంది.

మా జిల్లావాళ్లకి దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. తిరుమలలో సర్వదర్శనానికి ఎన్ని గంటలు, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి అన్నది మాకు రోజూ వచ్చే వాతావరణ వార్త లాంటిది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో జనాన్ని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, విడతలు విడతలుగా వదులుతారు. అది తెచ్చుకోవడం. కానీ లోపల స్వామి ముందు "జరగండి, జరగండి" అంటూ పంపించేస్తుంటారు చూశారా, అది లేకపోతే? దర్శనం అయినవాళ్లంతా అక్కడే నిలబడిపోతే, బయట ఎంత పద్ధతిగా వదిలినా ఏం లాభం? చిన్నాయన యాప్‌లో కంపార్ట్‌మెంట్లు ఉన్నాయి, జరగండి అనేవాళ్లు లేరు.

మర్నాడు షెడ్డుకి పోయి కూర్చున్నా. కోడ్ నా దగ్గరే ఉంది. డబ్బు కట్టేటప్పుడే "కోడ్ కూడా నాకియ్యాల" అని కాగితం మీద రాయించుకున్నాడు చిన్నాయన. బాకీల మనిషి కదా, జాగ్రత్త.

మగ్గం ముందు కూర్చుని ల్యాప్‌టాప్ తెరిస్తే, చెయ్యాల్సింది ఎదురుగానే టకటకమంటోంది. మగ్గం వెనకాల ఒక పెద్ద బీము ఉంటుంది. వందల మీటర్ల పడుగు దాని మీద చుట్టుకుని ఉంటుంది. ముందు వైపు ఇంకో రోలరు, నేసిన గుడ్డ దాని మీదకి చుట్టుకుంటూ పోతుంది. మధ్యలో విప్పారి ఉండేది ఎంత? మూరో, మూరన్నరో. షటిల్ అటూ ఇటూ పరిగెత్తేది, పేక పడేది, నేతగాడు కన్నేసి ఉంచేది ఆ కాస్త మేరే. వందల మీటర్ల గుడ్డ నెయ్యడానికి వందల మీటర్ల పొడవున్న షెడ్డు కట్టుకోరు ఎవరూ. రావాల్సింది వెనక చుట్టలో, అయిపోయింది ముందు చుట్టలో, పని జరిగేది నడుమ.

వెబ్‌లో దీన్ని వర్చువలైజేషన్ అంటారు, విండోయింగ్ అని కూడా. ముప్పై ఒక్క వేల వరసలకి ఎంత ఎత్తు కావాలో లెక్కేసి, అంత ఎత్తున్న ఖాళీ డబ్బా ఒకటి పేజీలో పెడతాం. స్క్రోల్‌బార్ దాన్ని చూసి నిజమే అనుకుంటుంది. ఆ డబ్బాలో వేలు ఎక్కడుందో చూసుకుని, అక్కడ కనబడాల్సిన పది పన్నెండు వరసలు మాత్రమే తయారుచేసి, సరిగ్గా ఆ చోటులో అంటిస్తాం. పైన ఐదు, కింద ఐదు అదనం, వేగంగా తోసినప్పుడు ఖాళీ కనబడకుండా. వేలు కదిలితే పైన దాటిపోయిన వరసని తీసేసి, కింద కొత్తది పెడతాం. కొన్ని పద్ధతుల్లో అదే వరసలో పేరూ అంకే మార్చి మళ్లీ వాడతారు, హోటల్లో ప్లేటు కడిగి మళ్లీ పెట్టినట్టు. ఫోన్ యాప్‌లవాళ్లకి ఇది పాత విద్యే. ఐఫోన్‌లో లిస్టులు మొదటి నుంచీ ఇట్లాగే నడుస్తాయి, ఆండ్రాయిడ్‌కి 2014లో రీసైక్లర్‌వ్యూ వచ్చింది. పేరులోనే ఉంది చూడండి రీసైకిల్ అని. వెబ్‌పేజీలు రాసేవాళ్లమే ఆలస్యంగా మేలుకున్నాం.

కొత్తది అయ్యాక చూస్తే తెర మీద ఇరవై రెండు వరసలు, నూట తొంభై ఎనిమిది వస్తువులు. 2016కి పోయినా అంతే, నిన్నటి రోజు చూసినా అంతే.

ఇంక తెచ్చుకోవడం సంగతి. కింద అంచు దగ్గరికి వచ్చామా లేదా అని తెలుసుకోవడానికి పాత కోడ్ వేలు కదిలిన ప్రతిసారీ కొలతలు తీసుకునేది. బస్టాండ్‌లో నిలబడి ప్రతి అరనిమిషానికీ "తిరుపతి బస్సొచ్చిందా" అని అడిగేవాళ్లు ఉంటారే, అట్లా. అడిగేవాడికీ విసుగు, చెప్పేవాడికీ విసుగు. ఇప్పుడు ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ అని ఒకటుంది. 2016లో క్రోమ్‌కి వచ్చింది, 2019 నాటికి సఫారీలోనూ చేరింది. లిస్టు చివర కనబడని చిన్న గుర్తు ఒకటి పెట్టి, "ఇది తెరకి దగ్గరైతే నాకు చెప్పు" అని బ్రౌజర్‌కి అప్పగించేస్తాం. బస్సొచ్చినప్పుడు కండక్టరే పిలుస్తాడు.

డేటాబేస్ దగ్గర ఇంకో తిరకాసు. పాత యాప్ "మొదటి యాభై వదిలేసి తర్వాతి యాభై ఇవ్వు" అని అడిగేది. వినడానికి సబబుగానే ఉంది. కానీ చిన్నాయన లిస్టు చూస్తున్నప్పుడే తమ్ముడు షెడ్డులో కూర్చుని కొత్త లోడు ఎక్కించాడనుకోండి. అంతా ఒక మెట్టు కిందికి జరుగుతుంది. యాభయ్యో ఎంట్రీ యాభై ఒకటో స్థానానికి పోతుంది. రెండో విడతలో అది మళ్లీ వస్తుంది. రీల్స్‌లో అదే వీడియో రెండుసార్లొస్తే నవ్వుకుంటాం. బాకీల పుస్తకంలో ఒకే లోడు రెండుసార్లు కనబడితే నవ్వు రాదు. పైగా ఇరవై వేలు వదిలేసి ఇవ్వమంటే, ఆ ఇరవై వేలూ దాటుకుంటూ పోవాలి డేటాబేస్. అందుకని అడిగే తీరు మార్చా. "ఈ తేదీ, ఈ నంబరు ఎంట్రీ తర్వాతివి ఇవ్వు." పుస్తకంలో గుర్తు పెట్టుకుని మూసి, అక్కడి నుంచే మళ్లీ చదివినట్టు. పైన ఎన్ని చేరినా గుర్తు కదలదు. దీన్ని కర్సర్ అంటాం.

ఇక్కడిదాకా ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దొరికేదే. దొరకనిది ఒకటుంది, మన తెలుగు.

ఇట్లాంటి లిస్టుల తయారీకి దొరికే ఉదాహరణల్లో చాలావాటిలో ప్రతి వరసా ఒకే ఎత్తు. అప్పుడు లెక్క తేలిక. వెయ్యో వరస ఎక్కడుందంటే ఎత్తుని వెయ్యితో గుణిస్తే సరిపోతుంది. ఇంగ్లిష్ పేర్లకి కొలిచి పెట్టిన ఆ ఎత్తులో "లక్ష్మీ" అని రాయండి. క కింద ష వత్తు, దాని కింద మ వత్తు, పైన గుడి దీర్ఘం. కింది వత్తు కత్తిరించుకుపోతుంది. "శ్రీకాళహస్తి" కింద స్తి తోక తెగుతుంది. మగ్గంలో అయితే నేతగాడు అట్లాంటి గుడ్డని తీసి పక్కన పడేస్తాడు. ఫోన్‌లో మాత్రం మనం తెగిన వత్తుల్ని చదువుకోవడానికి అలవాటుపడిపోయాం. బ్యాంకు మెసేజ్‌లు, గవర్నమెంట్ పేజీలు, అన్నీ. అదేమంటే తెలుగు ఫాంట్ పెద్దదండీ అంటారు. ఫాంట్ పెద్దది కాదు, గది చిన్నది.

తెలుగు అక్షరాన్ని పేర్చడం కంప్యూటర్‌కి ఎంత పనో చెప్పడానికి పాత కథ ఒకటి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతా ఐఫోన్లని పడగొట్టింది, గుర్తుందా? "జ్ఞా"లో మామూలుగా మనం టైప్ చేసేది కాదు, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు దూరిన రూపం. అది మెసేజ్‌లో వస్తే యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఆ నెల్లోనే 11.2.6 అప్‌డేట్ వదిలి సరిచేసింది. అప్పట్లో నేను కాలేజీలో ఉన్నా. ఐఫోన్ ఉన్న ఫ్రెండ్స్‌ని ఎంత ఏడిపించామో చెప్పను.

సరే, ఎత్తులు ఒక్కటిగా ఉండవు అనుకుంటే ఏం చెయ్యాలి? ముందు ఒక అంచనా ఎత్తుతో మొదలుపెట్టి, వరస తెర మీదకి వచ్చాక నిజం ఎత్తు కొలిచి, లెక్కల్లో సరిదిద్దుకుంటూ పోవాలి. ఇందులో ఒక ఊబి ఉంది. పైన ఉన్న వరస ఎత్తు మారితే, మీరు చదువుతున్న వరస గభాలున కిందికి జారుతుంది. మీరు ఒకటి నొక్కబోతే వేలు ఇంకొకదాని మీద పడుతుంది. మా చిన్నమ్మ ఫోన్‌లో అక్షరాల సైజు బాగా పెద్దది పెట్టుకుంటుంది. ఆమె ఫోన్‌లో ఒక్కో పేరు రెండు లైన్లు, కొన్ని మూడు. నేను రాసిన కోడ్‌లో ఎక్కువ భాగం ఆమె ఫోన్‌లో లిస్టు జారకుండా పట్టుకోవడానికే సరిపోయింది. మారిన ఎత్తు ఎంతో అంత మేర స్క్రోల్‌ని కూడా జరిపితే, చదివే లైను చదివే చోటే ఉంటుంది. చెప్పడానికి ఒక వాక్యం, చెయ్యడానికి రెండు రాత్రులు.

అయినా ఈ వర్చువలైజేషన్‌ని నేను అందరికీ అమ్మను. దానికి ఖరీదుంది. తెర మీద లేని వరస పేజీలోనే లేదు కాబట్టి, బ్రౌజర్‌లో "ఫైండ్ ఇన్ పేజ్" కొడితే దొరకదు. కళ్లు కనబడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి ఇరవై రెండు వరసల లిస్టే అనిపిస్తుంది, అసలు ఎన్ని ఉన్నాయో, ఇది ఎన్నోదో మనమే విడిగా చెప్పాలి. ఒక ఎంట్రీ తెరిచి బ్యాక్ నొక్కితే మళ్లీ మొదటికి రాకుండా, ఎక్కడున్నామో గుర్తుపెట్టుకునే బాధ్యతా మనదే. నేను షాపింగ్ యాప్‌లని తిట్టేది ఎక్కువగా దీనికోసమే. నలభయ్యో చెప్పుల జత నొక్కి వెనక్కొస్తే మొదటి జత దగ్గర నిలబెడతాయి.

వంద, రెండొందల వరసల లిస్టుకి ఇవేవీ అక్కర్లేదు. మామూలుగా రాసెయ్యండి. వెయ్యి, రెండు వేల దాకా అయితే సీఎస్ఎస్‌లో కంటెంట్-విజిబిలిటీ అని ఒకటుంది, దానికి ఆటో అని ఇచ్చి, పక్కన సుమారు ఎత్తు ఎంతో చెబితే చాలు, రెండు లైన్లు. తెరకి అవతల ఉన్నవాటిని బ్రౌజర్ గీయదు, కొలవదు, కానీ అవి పేజీలోనే ఉంటాయి కాబట్టి వెతికితే దొరుకుతాయి. 2020లో క్రోమ్‌కి వచ్చింది. 2024లో ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో కూడా చేరింది. ఇప్పుడు కొత్తగా ఏ లిస్టు రాసినా నేను ముందు చూసేది ఇదే. మగ్గం దాకా పోవడం ఆ తర్వాత.

చిన్నాయనకి కొత్తది చూపించినప్పుడు ఇంకో సంగతి తేలింది. సర్రున జారుతోంది, 2019 వచ్చింది, 2017 వచ్చింది. ఆయన ముఖంలో పెద్ద సంతోషం కనబడలేదు.

"బాగుండాది పాపా. కానీ నేనెందుకు తోస్తా పోవాల? పుస్తకంలో అయితే ఆడి నెల అంటే ఆడి నెల పేజీ తీసేవాణ్ణి."

ఆయనకి కావాల్సింది అంతులేని స్క్రోల్ కాదు. అట్లాంటిది కావాలని ఆయన ఎప్పుడూ అడగలేదు కూడా. రీల్స్‌లో ఉంది కాబట్టి బాకీల లిస్టులోనూ పెట్టారు. ఏమీ వెతకనప్పుడు, ఊరికే కాలక్షేపానికి తోస్తున్నప్పుడు అంతులేని లిస్టు బాగుంటుంది. ఒక ఫలానా దాని కోసం వచ్చినవాడికి అది అడవి. చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ కంపెనీ తమ సెర్చ్‌లో ఇన్ఫినిట్ స్క్రోల్ పెట్టి పరీక్షించి, జనం ఇంకా తక్కువ కొంటున్నారని చూసి తీసేసింది. గూగుల్ కూడా 2021లో ఫోన్లకి, మరుసటేడు కంప్యూటర్లకి సెర్చ్‌లో ఆగని స్క్రోల్ తెచ్చి, 2024లో దాన్ని ఎత్తేయడం మొదలుపెట్టింది. అంత పెద్దవాళ్లే వెనక్కొచ్చారంటే మనం సిగ్గుపడాల్సిన పనిలేదు.

కాబట్టి పైన నెలల వరస పెట్టా. నెల నొక్కితే అక్కడికి దూకుతుంది, పార్టీ పేరు టైప్ చేస్తే ఆ పార్టీవే వస్తాయి. వెతుకులాట ఫోన్‌లో కాదు, డేటాబేస్‌లో జరుగుతుంది. ఒక్కో నెల ఆఖరున ఆ నెల మొత్తం, ఆ కింద గీత. గీత చిన్నాయన అడిగి పెట్టించుకున్నాడు, పుస్తకంలో రెండు గీతలు కొట్టేవాడంట. నెలకి మూడు వందల చిల్లర ఎంట్రీలే కాబట్టి, నిజం చెప్పాలంటే, ఇప్పుడు ఆయనకి వర్చువలైజేషన్ అవసరమే పెద్దగా పడదు. తమ్ముడు ఏడాది లెక్క మొత్తం ఒకేసారి చూసేటప్పుడు మాత్రం పనికొస్తోంది.

ఆ వ్యాపారి ఫిబ్రవరిలో మళ్లీ వచ్చాడట. ఈసారి ఎంట్రీ నాలుగు సెకన్లలో దొరికింది. అయితే అందులో ఉన్న కట్టల సంఖ్యకీ ఆయన చీటీలో ఉన్న సంఖ్యకీ ఒకటి తేడా. లెక్క దొరికింది, గొడవ తీరలేదు. అది కోడ్‌తో తీరేది కాదు లెండి.

కొత్త ఫోన్ కొనొద్దన్నా చిన్నాయన కొన్నాడు, ఉగాదికి. లుంగీల రంగులు ఫొటోలో సరిగా పడటం లేదని, పార్టీలకి వాట్సాప్‌లో పంపాలని. అది ఒప్పుకోదగ్గ కారణమే. పాతదాన్ని నేను అడిగి తెచ్చుకున్నా. ఇప్పుడు అది చెన్నైలో నా ఆఫీసు టేబుల్ మీదుంది. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌ని కావాలని నాలుగింతలు, ఆరింతలు నెమ్మది చేసి చూసే ఆప్షన్ ఒకటి క్రోమ్‌లో ఉంది, అదీ వాడతాం. కానీ దాంట్లో వేడి తెలియదు. ఏ లిస్టు అయినా జనంలోకి పోయేముందు మా టీమ్‌లో ఎవరో ఒకరు ఈ ఫోన్ చేతిలో పట్టుకుని ఐదు నిమిషాలు తోస్తారు. నొక్కిన దానికి రెండు వందల మిల్లీసెకన్లలోపు స్పందన రావాలన్నది గూగుల్ పెట్టిన కొలత. పోయిన వారం ఒక ఆర్డర్ల లిస్టు పన్నెండు వందలో వరస దగ్గర తొమ్మిది వందల మిల్లీసెకన్లు తీసుకుంది. వెనక్కి పంపాం.